తెల్ల దారులు, సగం పంట

వైను గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి ఉంటాయనీ, ఆఫీసు పార్టీల్లో గ్లాసుని కాడ దగ్గర పట్టుకోవాలనీ, ఎలా ఉందని ఎవరైనా అడిగితే కాస్త ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి "బావుంది" అనాలనీ... అంతే. సైకిలు గురించి మాత్రం కొంచెం తెలుసు. ఆరో క్లాసు నుంచి ఇంటర్మీడియట్ దాకా కృష్ణా కాలవ గట్టు మీద రోజూ ఆరు కిలోమీటర్లు వెళ్ళీ, ఆరు కిలోమీటర్లు వచ్చీ చదువుకున్నవాణ్ణి. చదువు ఎంత వచ్చిందో గానీ పిక్కల్లో బలం మాత్రం మిగిలింది.

ఇంగ్లండులో రెడింగ్ ఊళ్ళో ఉద్యోగం చేస్తుండగా, 2019 సెప్టెంబరులో ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు పది రోజులు ఖాళీ దొరికింది. మా టీములో ఉండే గుజరాతీ మిత్రుడు ఇటలీలో సైకిలు యాత్రకి వెళ్దాం రమ్మన్నాడు. టస్కనీ ప్రాంతంలో ఫ్లోరెన్సుకీ సియెనాకీ మధ్య ఉన్న కియాంతి కొండలు, ద్రాక్షతోటలు, రాతి ఊళ్ళు... మూడు రోజులు. మా ఆవిడ "ముప్పై దాటాక ఈ వేషాలేంటి?" అంది గానీ, ఆ మూడు రోజులూ పిల్లవాడితో వాళ్ళ అక్కగారింటికి వెళ్ళొచ్చని తేలాక పెద్దగా అడ్డు చెప్పలేదు.

నేను రాయబోయేది యాత్రా విశేషాలు కాదు. ఎన్ని కిలోమీటర్లు తొక్కాం, ఎక్కడ ఏం తిన్నాం అనేవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ దారుల చరిత్ర తవ్వుకుంటూ పోతే అది చివరికి మా ఊళ్ళో రెండెకరాల పొలం గట్టు దగ్గర తేలింది. అది చెబుదామని.

మేము బయల్దేరిన ఊరి పేరు గాయోలే. కొండల మధ్య లోయలో ఒక వీధి, ఒక చర్చి, నాలుగు సైకిలు కొట్లు. అద్దె సైకిలు తీసుకుని ఊరు దాటి ఓ గంట తొక్కామో లేదో తారు రోడ్డు అయిపోయింది. ముందు సున్నం చల్లినట్టు తెల్లటి కంకర దారి, రెండు పక్కలా సైప్రస్ చెట్లు. వీటిని అక్కడ 'స్త్రాదే బియాంకే' అంటారు, అంటే తెల్ల దారులు. మొదటి దిగుడులోనే వెనక చక్రం జారి కంచెలో పడ్డాను. మోకాలు గీరుకుపోయింది, పరువు అంతకన్నా ఎక్కువ గీరుకుపోయింది. లేచి దులుపుకుంటుంటే అనుమానం వచ్చింది. ఇటలీ ఏమీ బీద దేశం కాదు. ఒక్కో సీసా పాతికా యాభై యూరోలకి అమ్ముకునే ఈ కొండల్లో రోడ్డుకి తారు ఎందుకు వెయ్యలేదు?

సగం జవాబు గాయోలేలోనే దొరికింది. ఆ ఊరికి చెందిన జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో 'లెరోయికా' అని ఒక సైకిలు యాత్ర మొదలుపెట్టాడు. పోటీ కాదు. పాత కాలం సైకిళ్ళు, ఉన్ని చొక్కాలు, మధ్యలో రొట్టె, వైను. మొదటి ఏడాది వచ్చింది 92 మంది. ఇప్పుడు ఏటా అక్టోబరు మొదట్లో వేలమంది వస్తారు. 1987కి ముందు తయారైన రేసు సైకిలు ఉండాలని నియమం. ఆయన ఉద్దేశం సైకిళ్ళ సరదా ఒక్కటే కాదు. మిగిలిన తెల్ల దారులకి కూడా తారు పూసేస్తారేమోనని, వాటి విలువ నలుగురికీ తెలియాలని చేసిన పని. 2007లో దాన్నుంచే పెద్దవాళ్ళ రేసు ఒకటి పుట్టింది. ఆ రేసు పేరే స్త్రాదే బియాంకే. సియెనా నడిబొడ్డున పియాత్సా దెల్ కాంపోలో ముగుస్తుంది. అంటే 1997 నుంచి ఈ దారులు తెల్లగా ఉండటానికి కారణం సైకిళ్ళు. మరి అప్పటిదాకా తెల్లగా ఎందుకున్నాయి? ఆ మిగతా సగం జవాబుకి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కియాంతి చరిత్ర అంటే టూరిస్టు పుస్తకాల్లో మొదట నల్ల కోడిపుంజు కథ ఉంటుంది. ఫ్లోరెన్సుకీ సియెనాకీ సరిహద్దు తగాదా. కోడి కూయగానే రెండు ఊళ్ళ నుంచీ రౌతులు బయల్దేరాలి, ఎక్కడ కలుస్తారో అదే సరిహద్దు. సియెనా వాళ్ళు తెల్లకోడిని బాగా మేపారు, ఫ్లోరెన్సు వాళ్ళు నల్లకోడిని పస్తు పెట్టారు. ఆకలిగొన్న కోడి తెల్లవారకముందే కూసింది, ఫ్లోరెన్సు రౌతు చాలా దూరం వచ్చేశాడు. ఇది కథే. కానీ నల్లకోడి మాత్రం 14వ శతాబ్దంలో ఫ్లోరెన్సు కింద గాయోలే, రాద్దా, కాస్తెల్లీనా అనే మూడు ఊళ్ళ కూటమికి గుర్తు. ఇవాళ కియాంతి క్లాసికో సీసా మెడ మీద ఉండేది అదే కోడి. కథలో నాకు నచ్చిందేమిటంటే, సరిహద్దు గెలిచింది రౌతు కాదు, పస్తున్న కోడి. ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు.

తర్వాత 1716లో టస్కనీని ఏలిన మూడో కోజిమో ఒక ఫర్మానా వేసి, ఫలానా ఊళ్ళ మధ్య పండినదాన్నే కియాంతి అనాలని హద్దులు గీశాడు. వైను విషయంలో ఇలా చట్టంతో హద్దు పెట్టడం ప్రపంచంలో మొదటి వాటిలో ఒకటి. ఆ తర్వాత బ్రోలియో కోట. గాయోలే నుంచి పది కిలోమీటర్లు, చివర్లో ఊపిరాడనివ్వని ఎత్తు. 1141 నుంచి ఆ కోట రికాజోలి వంశం వాళ్ళది. అందులో బెత్తీనో రికాజోలి (1809-1880) అనే ఆయన్ని 'ఉక్కు బారన్' అనేవారు. 1861లో కొత్తగా ఏర్పడిన ఇటలీకి కవూర్ చనిపోయాక రెండో ప్రధానమంత్రి అయ్యాడు. కియాంతి వైనుకి పాకం కుదిర్చింది కూడా ఆయనే. సువాసనకీ, సత్తువకీ సాన్‌జోవేజే ద్రాక్ష, గరుకుదనం తగ్గించడానికి కనయోలో, త్వరగా తాగేసే వైనుకైతే కొంచెం మాల్వాజియా అని 1872లో ఒక ప్రొఫెసరుకి ఉత్తరం రాశాడు. కోట దగ్గర ఇవన్నీ చక్కగా చెబుతారు. పాకం కుదిర్చిన ఆయన పేరు ఉంది. ఆ ద్రాక్ష పెంచిన వాళ్ళ పేర్లు నాకెక్కడా కనబడలేదు.

అవి ఆ రాత్రి కనబడ్డాయి. మేము దిగింది రాద్దా దగ్గర ఒక పాత రాతి ఇంట్లో. అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి. రైతులు తమ ఇళ్ళల్లో అతిథులకి గదులిచ్చుకోవచ్చని 1985లో ఇటలీ ఒక చట్టం చేసింది. మా గది కింద ఒకప్పుడు పశువుల కొట్టం. ఇప్పుడు అది భోజనాల గది, గాటి మీద పూల కుండీలు. ఇల్లు నడిపే అమ్మాయి ఇంగ్లీషు మాట్లాడింది. ఎనభై దాటిన వాళ్ళ నానమ్మ మూల కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని రెండు కాయలు ఒలిచాను. మన వేళ్ళకి అలవాటైన పనే కదా. ఆవిడ నా వేళ్ళ వంక చూసి మనవరాలితో ఏదో అంది. "మీ వాళ్ళు పొలం పనివాళ్ళా అని అడుగుతోంది" అంది ఆ అమ్మాయి. "మా తాత సంగోరుకి చేసేవాడు" అని చెప్పడానికి నాకు ఇంగ్లీషులో మాట దొరకలేదు. పొలం ఇంకొకరిది, పని మాది, పంట చెరిసగం అని విడమరిచి చెప్పాను. మనవరాలు అనువదించేలోపే ముసలావిడ నవ్వి, "మెజ్జాద్రియా!" అంది.

మెజ్జో అంటే సగం. మధ్య ఇటలీ పల్లెల్ని ఆరేడు వందల ఏళ్ళు నడిపిన ఏర్పాటు అది. నగరంలో ఉండే వర్తకుడికో, ప్రభువుకో, మఠానికో కొండ మీద భూములుంటాయి. వాటిని 'పొదేరే' అనే ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మధ్యలో ఒక్కో రాతి ఇల్లు కట్టించి, ఒక్కో కుటుంబాన్ని పెడతాడు. ఇల్లు, భూమి ఆయనవి. చాకిరీ వీళ్ళది. గోధుమ, నూనె, వైను, ఆఖరికి దూడ అమ్మితే వచ్చే లాభం కూడా చెరిసగం. పది పన్నెండు పొదేరేల మీద ఒక గుమాస్తా, 'ఫత్తోరే' అంటారు. కుటుంబంలో మగ పెద్ద 'కపోచ్చా', ఆడ పెద్ద 'మస్సాయా'. ఒక్కో ఇంట్లో పదిహేను ఇరవై మంది ఉండేవారు. మీరు పటాల్లో చూసే టస్కనీ దృశ్యం ఉంది చూశారా, కొండకొక ఇల్లు, ఇంటికొక సైప్రస్ దారి... అది చిత్రకారుడి ఊహ కాదు, కౌలు ఒప్పందం. మన ఊళ్ళలోలా ఇళ్ళన్నీ ఒక్కచోట లేకుండా చెదురుగా ఉండటానికి కారణం అదే. ఆ తెల్ల దారులు ఒక్కో పొదేరే నుంచి సగం పంటని కామందు కొట్లోకి చేర్చిన ఎడ్లబండి బాటలు.

పైకి న్యాయంగానే ఉంది కదా, సగం సగం? ఒప్పందంలో మిగతావి వినండి. క్రిస్మసుకి కామందు ఇంటికి బలిసిన కోడిపుంజులు, కార్నివాల్ పండక్కి పెట్టలు, ఈస్టరుకి గుడ్లు ఇవ్వాలి. ఇవి సగంలో లెక్కకి రావు. ఆడవాళ్ళు కామందు ఇంటి బట్టలుతకాలి. కొడుకు పెళ్ళికి అనుమతి కావాలి, ఎందుకంటే ఇంట్లో తినే నోళ్ళకీ పొలంలో చేసే చేతులకీ లెక్క సరిపోవాలి. బయట కూలికి వెళ్ళాలంటే అడగాలి. లెక్క కుదరకపోయినా, మాట వినకపోయినా ఒక కాయితం వస్తుంది, 'దిస్దెత్తా'. అది వచ్చిందంటే ఇల్లూ పొలమూ రెండూ ఖాళీ చెయ్యాల్సిందే.

ముసలావిడ మనవరాలిని లోపలికి పంపి ఒక చిన్న పుస్తకం తెప్పించింది. 'లిబ్రెత్తో', ఖాతా పుస్తకం. ఒక వైపు ఇవ్వాల్సింది, ఇంకో వైపు రావాల్సింది. సిరా వెలిసిపోయిన అంకెలు. ఏడాది చివర మిగిలిన బాకీ తర్వాతి పేజీ మొదట్లోకి వస్తుంది. ఆ పేజీ చివర్లోది ఆ తర్వాతి పేజీకి. "మా నాన్నకి చదవడం రాదు, రాసేది ఫత్తోరే" అంది ఆవిడ. నా బుర్ర సాఫ్టువేరు బుర్ర కదా, వెంటనే తట్టింది. డేటాబేసు ఇద్దరిది, రాసే పర్మిషను మాత్రం ఒక్కడిది. అలాంటి సిస్టంలో లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పడానికి మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదు.

మా తాతయ్యకి కూడా అలాంటి పుస్తకమే ఉండేది, కామందు గారి అరుగు మీద గుమాస్తా దగ్గర. కల్లంలో కొలత అయ్యాక ముందు తినడానికి తీసుకున్న నాగు వడ్డీతో సహా మినహాయించుకుని, ఆ తర్వాత సగం. తాతయ్య బస్తాలు లెక్కపెట్టడానికి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడట. గీతలకీ పుస్తకానికీ ఎప్పుడూ రెండు బస్తాలు తేడా వచ్చేది. తేడా ఎప్పుడూ ఒకే వైపు. ఈ కథ నాన్న ఎన్నిసార్లు చెప్పారో!

నిజం చెప్పాలంటే మెజ్జాద్రియాని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, చిన్నవాళ్ళు కాదు. జెనీవా నుంచి వచ్చి టస్కనీలో వ్యవసాయం చేసిన సిస్మోండి 1801లో ఒక పుస్తకం రాశాడు. ఈ రైతులకి పొలం మీద మమకారం ఉంటుంది, దినకూలీల్లా రేపటి బెంగ ఉండదు అన్నాడు. 1848లో జాన్ స్టూవర్ట్ మిల్ తన అర్థశాస్త్రంలో ఆయన్ని ఉదాహరించి ఈ పద్ధతిని వెనకేసుకొచ్చాడు. ఫ్లోరెన్సులో పెద్ద భూస్వాములూ పండితులూ కలిసే వ్యవసాయ అకాడమీ (1753లో పెట్టింది) ఉండేది. అక్కడ కూడా ఇది లాభం కోసం కాదు, సామాజిక శాంతి కోసం అనేవారు. ముసలావిడని అడిగాను. "ఆకలి ఎరగం" అంది వెంటనే. కాసేపాగి, "కానీ మా అమ్మ కోడిపుంజు మాంసం ఎప్పుడూ తినలేదు" అంది. రెండూ నిజమే. చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఈ రెండింట్లో ఏదో ఒకటే రాస్తాయి.

శాంతి ఎల్లకాలం నిలవలేదు. 1902లో సియెనా దక్షిణాన కియూజీ, కియాంచానో ఊళ్ళలో మెజ్జాద్రోలు మొదటిసారి సమ్మె కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక మళ్ళీ లేచారు. ఫాసిస్టులు వచ్చి నోళ్ళు మూయించారు. రెండో యుద్ధంలో కొండల్లో దాక్కున్న ప్రతిఘటన దళాలకి తిండి పెట్టింది ఎక్కువగా ఈ ఇళ్ళే. యుద్ధం అయ్యాక ఆ కుటుంబాలు ఎర్రజెండా పట్టుకుని లెక్క అడిగాయి. 1947 ఒప్పందంతో రైతు వాటా 50 నుంచి 53 శాతం అయింది. ఆరేడు వందల ఏళ్ళ తర్వాత పెరిగింది మూడు! 1964లో చట్టం వచ్చింది. వాటా 58, ఇక మీదట కొత్త మెజ్జాద్రియా ఒప్పందాలు రాసుకోకూడదు. 1982లో ఇంకో చట్టంతో మిగిలినవి మామూలు కౌళ్ళుగా మారాయి.

బావుంది కదా. కానీ తేదీలు చూడండి. 1964 నాటికి ఆ ఇళ్ళలో ఉన్నదెవరు? 1950ల నుంచే కుర్రవాళ్ళు సైకిలెక్కి కొండ దిగడం మొదలుపెట్టారు. ముందు పక్క ఊళ్ళో డాన్సులకి, తర్వాత పొజ్జిబోన్సి, ఫ్లోరెన్సు, ప్రాతో ఫ్యాక్టరీలకి. నెలజీతం, కరెంటు, ఇంట్లో కుళాయి. మెజ్జాద్రో కొడుకుని పెళ్ళి చేసుకోవడానికి అమ్మాయిలు ఒప్పుకోవడం మానేశారట. 1956 ఫిబ్రవరిలో మంచు పడి ఆలివు చెట్లు మాడిపోయాయి. ఇంకా ఊగిసలాడుతున్నవాళ్ళకి అది ఆఖరి సాకు. 1951కీ 1971కీ మధ్య రాద్దా లాంటి ఊళ్ళలో జనం దాదాపు సగానికి పడిపోయారు. హక్కు వచ్చేసరికి మనిషి లేడు.

ఇదీ తెల్ల దారుల మిగతా సగం జవాబు. దేశమంతా తారు వేస్తున్న ఆ ఇరవై ఏళ్ళలో ఈ దారుల చివర ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఎవరూ లేని ఇంటికి తారు ఎవడు వేస్తాడు? మేము ఆహా ఓహో అనుకుంటూ ఫొటోలు తీసుకున్నది, ఒక వలస వెనక మిగిలిపోయిన బాట.

రెండో రోజు ఈ కళ్ళతో చూస్తే కొండలు వేరేలా కనబడ్డాయి. కొండవాలున పై నుంచి కిందికి గీతలు గీసినట్టుండే ద్రాక్ష వరసలు తరతరాలవని నేననుకున్నాను. కాదు. పాత రోజుల్లో ద్రాక్ష తీగని చెట్ల మీదికి పాకించి, వరసల మధ్య గోధుమ వేసి, అక్కడక్కడా ఆలివు చెట్టు ఉంచేవారు. ఇంట్లో ఇరవై మంది తినాలి మరి. జనం వెళ్ళిపోయాక, 1960ల నుంచి, చాలాచోట్ల రాతి కట్టుగట్లు బుల్డోజరుతో చదును చేసి ట్రాక్టరు నడిచేలా వరసలు వేశారు. ఖాళీ ఇళ్ళని బయటివాళ్ళు చవగ్గా కొన్నారు, అందులో ఇంగ్లీషువాళ్ళు ఎంతమంది అంటే ఈ ప్రాంతానికి 'కియాంతిషైర్' అని వేళాకోళం పేరు పడింది. 1984లో కియాంతి వైనుకి ఇటలీలోకెల్లా పెద్ద హోదా ఇచ్చారు. గొడ్ల కొట్టాల్లో ఈతకొలను నీళ్ళ పంపులు వచ్చాయి.

వోల్పాయా ఊరికి ఎక్కే దారిలో కోతలు నడుస్తున్నాయి. గొలుసు జారితే ఆగాను. తోటలో కత్తెరతో గుత్తులు కోస్తున్న కుర్రవాడు నన్ను చూసి హిందీలో పలకరించాడు. జలంధర్ దగ్గర పల్లె. గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగాం. నా హెల్మెటు, బిగుతు లాగూ, చెమట చూసి జాలిగా అడిగాడు. "భాయీ సాబ్, ఇలా తొక్కితే రోజుకెంత ఇస్తారు?" ఇవ్వరు, మేమే ఎదురు డబ్బు కడతాం అని చెప్పాను. నవ్వాపుకోలేక పక్కవాళ్ళకి కూడా చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పొలం ఏం చేశారని అడిగాను. "ఠేకాకి ఇచ్చాం" అన్నాడు. కౌలుకి అన్నమాట. వాళ్ళ పొలం ఎవరో చేస్తున్నారు, ఇంకెవరో వదిలేసిన పొలంలో ఇతను చేస్తున్నాడు.

మూడో రోజు సియెనా చేరాం. అక్కడ పాత నగరసభ భవనంలో ఒక గది గోడల మీద 1338-39లో అంబ్రోజో లొరెంజెత్తి వేసిన పెద్ద చిత్రం ఉంది. మంచి పాలన ఉంటే ఊరూ పల్లే ఎలా ఉంటాయి, చెడ్డ పాలన ఉంటే ఎలా ఉంటాయి అని. మంచి పాలన పల్లెని చూసి నేను కదల్లేకపోయాను. మేము మూడు రోజులు తొక్కిన కొండలే. దున్నేవాళ్ళు, కోసేవాళ్ళు, కల్లంలో నూర్చేవాళ్ళు, వాలున ద్రాక్షతోట. నగరం గుమ్మం దగ్గర ఒకే దారి మీద రెండు రకాల మనుషులు. బరువులతో గాడిదల్ని తోలుకుంటూ, పందిని అదిలించుకుంటూ పైకి వచ్చేవాళ్ళు. మంచి బట్టలేసుకుని, చేతి మీద డేగ పెట్టుకుని గుర్రాల మీద షికారుకి కిందికి దిగేవాళ్ళు. పైన గాలిలో ఎగురుతూ 'భద్రత' అనే దేవత. ఒక చేతిలో అందరూ భయం లేకుండా నడవొచ్చని రాసిన పట్టీ, ఇంకో చేతిలో ఉరికొయ్య, దానికి వేలాడుతూ ఒక మనిషి.

మా మిత్రుడు "చూశావా, అప్పట్లో కూడా సైకిలు టూరిస్టులు ఉన్నారు" అని డేగ పట్టుకున్నవాళ్ళని చూపించాడు. నవ్వాను. కానీ మనసులో ఏదో కలుక్కుమంది. మూడు రోజులుగా నేను మా తాతయ్య పక్షాన నిలబడి ఈ చరిత్రంతా వింటున్నాననుకున్నాను. నిలబడింది అటు కాదు.

ఎందుకంటే మాకు ఊళ్ళో రెండెకరాలుంది. తాతయ్య సంగోరుకి చేసిన భూమే. కామందు గారి పిల్లలు హైదరాబాదు వెళ్ళిపోయి అమ్మేస్తుంటే, బడిపంతులుగా చేసే నాన్న అప్పు చేసి కొన్నారు. నాన్న ఎప్పుడూ నాగలి పట్టలేదు, నేను అసలే పట్టలేదు. పక్క వీధి బాబాయి చేస్తాడు. సంగోరు కూడా కాదు, మక్తా. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట. పండినా ఎండినా ఆ బస్తాలు ఇవ్వాల్సిందే. మెజ్జాద్రియాలో వడగళ్ళు పడితే కామందు సగం కూడా పోయేది. మా ఒప్పందంలో పోయేదంతా బాబాయిదే. అదీ నోటిమాట. 1956లో ఆంధ్ర ప్రాంతానికి కౌల్దారీ చట్టం వచ్చాక, కౌలుదారుకి రక్షణ ఉంటుందని భయపడి పొలం ఉన్నవాళ్ళు కాయితం రాయడమే తగ్గించేశారు. రక్షణ కోసం వచ్చిన చట్టం కాయితాన్నే మింగేసింది. 2019లో ఇంకో చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, పంట మీద మాత్రమే హక్కు, భూమి హక్కుకి ఢోకా లేదు. అయితే యజమాని సంతకం కావాలి. నేను ఇటలీ వెళ్ళడానికి నెల ముందే బాబాయి ఆ ఫారం తెస్తే, నాన్న "చూద్దాంలే" అన్నారు.

ఆ రాత్రి సియెనా నుంచే ఫోన్ చేశాను. ఖాతా పుస్తకం కథ చెప్పాను, బొగ్గు గీతల సంగతి గుర్తు చేశాను. నాన్న అంతా విని, "సంతకం పెడితే రేపు పొలం నాదంటే నువ్వొచ్చి చూస్తావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వదిలేశాను. నిజానికి వదిలెయ్యడం నాకూ సుఖంగానే ఉంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. బాబాయి పేరున కాయితం లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, బయట వడ్డీకి తెచ్చిన పెట్టుబడి. నాన్న మక్తాలో ఐదు బస్తాలు తగ్గించారు, ఊళ్ళో అందరూ ధర్మాత్ముడన్నారు. ఆ సంక్రాంతికి నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే బాబాయి వచ్చాడు, ఎప్పటిలాగే ఒక గుమ్మడికాయ, ఒక కోడిపుంజు పట్టుకుని. అమ్మ ఎప్పటిలాగే అందుకుంది. నాకు మాత్రం చిక్కుళ్ళు ఒలిచే ముసలావిడ గుర్తొచ్చింది. "ఎందుకు బాబాయ్ ఇవన్నీ?" అంటే, "అదేంటబ్బాయ్, పండగ కదా" అన్నాడు.

ఆ వేళ నాన్నతో గట్టిగానే మాట్లాడాను. ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని. కొడుకు మీద కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. ఏరువాకకి ముందు ఆయనే ఫోన్ చేశారు. "పెట్టేశాన్రా సంతకం. మీ తాత ఉంటే ఎప్పుడో పెట్టించేవాడు."

ఇంతటితో అయిపోతే బావుండేది. బాబాయికి ఫోన్ చేస్తే సంతోషించాడు, కాదనను. కానీ చివర్లో అన్నాడు. "మంచిదే అబ్బాయ్. కాకపోతే ఇంకెన్నేళ్ళు చేస్తాన్లే. మా వాడు హైదరాబాదులో బండి మీద పార్సిళ్ళు ఇచ్చే పనిలో చేరాడు. నాతో ఆఖరు."

1964, ఖాళీ ఇళ్ళు, తెల్ల దారులు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మా కాలవ గట్టు బాట ఇంకా మట్టిదే. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు మంచి సైకిలేసుకుని ఆ గట్టు మీద తొక్కుతూ, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటారేమో. వాళ్ళలో మా అబ్బాయి కూడా ఉండొచ్చు.